తొమ్మిదో తరగతి ప్రాజెక్టుకు ఏ యాప్ వాడాలి?

ప్రశ్న: నేను కనిగిరి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాల స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో 40 మంది పిల్లలున్నారు. గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉంది. ఇంటర్నెట్ మాత్రం ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్సు సమావేశాల్లో ప్రాజెక్టు ఆధారిత అభ్యసనం, హైబ్రిడ్ అభ్యసనం (కొంత బడిలో, కొంత ఇంటి దగ్గర నేర్చుకోవడం) చేయించమని చెబుతున్నారు. నిరుడు 'నీటి కాలుష్యం' మీద ప్రాజెక్టు ఇస్తే ముప్పాతిక మంది నెట్ సెంటర్లో తీయించిన ఒకే ప్రింటును అట్టల మీద అంటించి తెచ్చారు. ఈ ఏడాది కొందరు చాట్‌జీపీటీతో రాయించుకొస్తున్నారు. సగం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది గాని అది తండ్రి వెంట పనికి వెళ్లి రాత్రికి తిరిగొస్తుంది. హెడ్మాస్టరు గారికి ఫొటోలు కావాలి, నాకు సిలబస్ పూర్తి కావాలి. ఏ యాప్ వాడితే ఈ పని సవ్యంగా జరుగుతుందో చెప్పగలరా?

సమాధానం:

టీచర్ గారికి నమస్కారం. యాప్ పేర్లు నాలుగైదు చెబుతాను గాని, వాటికంటే ముందు నిరుడు ఇచ్చిన ప్రాజెక్టు గురించి మాట్లాడుకోవాలి. నెట్ సెంటరుకు వెళ్లిన పిల్లవాడు తెలివితక్కువ పనేమీ చేయలేదు. 'నీటి కాలుష్యం: కారణాలు, నివారణ' అన్న విషయానికి సమాధానం ఎప్పుడో ఎవరో రాసి పెట్టారు, దాన్ని వెదికి తెమ్మని మనం అడిగాం, పది రూపాయలిచ్చి తెచ్చాడు. చాట్‌జీపీటీ చేసిందల్లా ఆ పది రూపాయలు మిగల్చడమే. అడిగే ప్రశ్న అదే అయినంతకాలం ఏ యాప్ పెట్టినా పిల్లలు అతికించే పనే ఇంకాస్త వేగంగా చేస్తారు. కాబట్టి ఇంటర్నెట్టులో ఎక్కడా దొరకని సమాధానాన్ని కోరే ప్రశ్నను ముందు ఎంచుకోండి. ఆ తరువాత ఏ పరికరం అవసరమో దాదాపు దానంతట అదే తేలుతుంది.

మీరు ఉన్న చోట అలాంటి ప్రశ్న కోసం దూరం వెళ్లనక్కర్లేదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో మొట్టమొదటిసారి 1937లో వైద్యులు రాసిన వ్యాసం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. పిల్లల ఇళ్లలో మోకాళ్లు వంగిపోయిన తాతలు, పళ్ల మీద గోధుమరంగు చారలున్న మేనమామలు ఉంటారు. అందుచేత 'మన ఊళ్లో ఏ వాడవాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారు, ఎందుకు ఆ నీళ్లే తాగుతున్నారు, ఆ నీటిలో ఏముంది?' అని అడిగి చూడండి. ఈ ప్రశ్నకు సమాధానం ఏ నెట్ సెంటరులోనూ దొరకదు, ఏ కృత్రిమ మేధకూ తెలియదు. అంతకంటే ముఖ్యంగా, అది మీకు కూడా పూర్తిగా తెలియదు. టీచరుకు ముందే తెలిసిన జవాబును మళ్లీ తనకే చెప్పించుకోవడం పిల్లలకు ఇట్టే అర్థమైపోతుంది; తెలియనిదాన్ని నిజంగా వెదుకుతున్నారన్నది కూడా అంతే త్వరగా తెలుస్తుంది.

మీ సిలబస్ బెంగ కూడా ఇక్కడే కొంత తీరుతుంది. తొమ్మిదో తరగతి రసాయనశాస్త్రంలో మిశ్రమాలు, ద్రావణాల గాఢత ఉన్నాయి. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్నది గాఢతే. గణితంలో సాంఖ్యకశాస్త్రం ఉంది. సగటుకూ మధ్యగతానికీ తేడా పాఠ్యపుస్తకంలోని అంకెలతో కంటే ఊళ్లోని బోర్ల అంకెలతో బాగా తెలుస్తుంది. తెలుగులో లేఖారచన ఉంది. ఈ ముగ్గురు టీచర్లు ఒక్క అరగంట కూర్చుని ఎవరి పాఠానికి ఏ భాగం వస్తుందో పంచుకుంటే ప్రాజెక్టు సిలబస్‌కు అదనపు భారం కాకుండా దానిలోనే కలిసిపోతుంది. ప్రాజెక్టు పద్ధతి ఏదో నిన్నమొన్న వచ్చినట్టు శిక్షణల్లో చెబుతుంటారు గాని, ఈ పద్ధతి మీద అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ రాసిన వ్యాసం 1918 నాటిది, పని ద్వారా చదువు నేర్పే నయీ తాలీమ్ కోసం గాంధీజీ చొరవతో వార్ధాలో సమావేశం జరిగింది 1937లో. కొత్తగా వచ్చింది చేతిలోని ఫోను ఒక్కటే.

ఇక హైబ్రిడ్ అనే మాట. 2020లో బడులు మూసినప్పుడు సప్తగిరి, యాదగిరి ఛానెళ్లలో పాఠాలు వచ్చాయి. టీచర్లు ఇంటింటికీ ఫోన్లు చేసి చూశారా లేదా అని అడిగారు. ఆ కాలానికి అంతకంటే మార్గం లేదు. కాని అప్పటి నుంచి హైబ్రిడ్ అంటే బడిలో చెప్పాల్సిన పాఠాన్ని తెర మీదుగా ఇంటికి పంపడం అన్న అభిప్రాయం మిగిలిపోయింది. మీ విషయంలో పంపకం వేరుగా ఉండాలి. నలుగురూ కలిస్తేనే జరిగే పనులకు బడి సమయాన్ని కేటాయించండి: ప్రశ్నను పదును పెట్టడం, కొలతల్లో తేడా వస్తే వాదించుకోవడం, పట్టికను చూసి ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పకూడదో తేల్చుకోవడం. బడి బయట ఉన్నచోటే జరిగే పనులను ఇంటికి వదలండి: చూడటం, కొలవడం, పెద్దవాళ్లను అడగడం. పాఠం వినడం ఇంట్లో, హోంవర్క్ బడిలో అనే తిరగేసిన తరగతి పద్ధతి పట్నాల్లో కొన్నిచోట్ల నడుస్తుంది. ఫోను రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఊళ్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫోను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ప్రాజెక్టులు సాధారణంగా ఇక్కడే దెబ్బతింటాయి. సగం ఇళ్లలో ఫోను ఉందన్నారు. ఆ సగంలో పిల్లవాడి చేతికి వచ్చేవి ఎన్నో, వచ్చినా ఎంతసేపో, అమ్మాయిలున్న ఇళ్లలో అసలు ఇస్తారో లేదో విడిగా కనుక్కోండి; చేతులెత్తించి లెక్కపెట్టవద్దు, లేనివాళ్లు కూడా ఎత్తుతారు. ఐదుగురేసి ఎనిమిది జట్లు చేస్తే జట్టుకు ఒక్క ఫోను దొరకవచ్చు. ఆ ఒక్కటి చాలు. అయితే ఒక నియమం గట్టిగా పెట్టుకోవాలి: ఇంటి దగ్గర చేయాల్సిన పనిలో ఏదీ ఫోను లేకపోతే ఆగిపోయేదిగా ఉండకూడదు. చూసినదీ కొలిచినదీ అడిగినదీ అంతా ముందు జట్టు నోటుపుస్తకంలోకి వెళ్లాలి. వారానికోసారి, ఆదివారం రాత్రి అనుకుందాం, ఆ వారపు పేజీని ఫొటో తీసి మీకు ఒక్క సందేశం పంపాలి. అంతే. నెట్ లేకపోతే సోమవారం ఉదయం పుస్తకమే మీ బల్ల మీదికి వస్తుంది, నష్టమేమీ లేదు.

ఫోను ఉన్నవాడే నాయకుడు కావడం మరో చిక్కు. ఎవరి ఫోనో వాళ్లే ఫొటో తీస్తారు, వాళ్లే పంపుతారు, టీచరుకు వాళ్ల పేరే కనిపిస్తుంది, మిగతా నలుగురు వెనక నడుస్తారు. అందుకని కొలిచేవారు, రాసేవారు, అడిగేవారు, సరిచూసేవారు, పంపేవారు అని ఐదు పనులు పెట్టి వారం వారం మార్చండి. పంపే వంతు వచ్చిన అమ్మాయికి ఇంట్లో ఫోను లేకపోతే జట్టులోని మరొకరి ఇంటికి వెళ్లి పంపుతుంది. వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే సోమవారం బడిలో మీ ఫోనుతో పంపుతుంది. ఇలా ముందే అనుకుని ఉంచితే ఆ అమ్మాయి నలుగురిలో కారణాలు చెప్పుకోవాల్సిన పని ఉండదు. పిల్లలతో వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. పాఠాల గ్రూపు వారం తిరిగేసరికి శుభోదయం బొమ్మలతో నిండిపోతుందన్నది మీకు తెలియనిది కాదు. పైగా ఆ నంబర్లు పిల్లలవి కావు, వాళ్ల తల్లిదండ్రులవి. నలభై ఇళ్ల నంబర్లు అందరికీ కనిపించేలా పెట్టడం, అందులోనూ ఆడపిల్లలున్న ఇళ్లవి, మంచిది కాదు. జట్టుకు ఒక్క నంబరు నేరుగా మీకు పంపితే చాలు.

ఇప్పుడు పరికరాల దగ్గరకు వద్దాం. మొదటిది యాప్ కాదు, నీటిలో కరిగిన ఘనపదార్థాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు. పెన్ను అంత ఉండే ఈ పరికరం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. బడికి రెండు చాలు. పిల్లలను బోరు దగ్గరకు పంపే ముందు తరగతిలో ఒక పీరియడ్ దీనికే కేటాయించండి. ఒకే బకెట్టు నీళ్లు ఎనిమిది గ్లాసుల్లో పోసి, జట్టుకొకటి ఇచ్చి, వంతులవారీగా కొలిచి అంకె బోర్డు మీద రాయమనండి. ఎనిమిది అంకెలూ ఒకటిగా రావు. ఒకరు అంకె నిలకడగా ఆగకముందే చదివి ఉంటారు. ఒకరు అంతకుముందు ఉప్పునీళ్లలో ముంచిన మీటరును కడగకుండానే మంచినీళ్లలో పెట్టి ఉంటారు. ఒకరి గ్లాసు అడుగున సబ్బు తడి మిగిలి ఉంటుంది. ఎందుకు తేడా వచ్చిందని వాళ్లే వెదుక్కుని, 'కడగాలి, ఆగాలి, మూడుసార్లు కొలవాలి' అని తమ నియమాలు తామే రాసుకుంటారు. ఆ పీరియడ్‌లో మీరు నోరు మెదపకుండా ఉండగలిగితే సగం ప్రాజెక్టు అయినట్టే.

బోర్లు, చేతిపంపులు, పంచాయతీ కుళాయిలు, ఆర్వో ప్లాంటు క్యాన్లు అన్నీ కొలిచాక పిల్లలు తప్పనిసరిగా ఒక తీర్మానానికి వస్తారు: అంకె తక్కువైతే మంచి నీళ్లు, ఎక్కువైతే చెడ్డ నీళ్లు. ఊళ్లో క్యాన్లు అమ్మేవాళ్లు కూడా ఈ మీటరునే చూపిస్తారు కాబట్టి ఆ నమ్మకం ముందే ఉంటుంది. ఈ ప్రాజెక్టులో అసలైన పాఠం దాన్ని ప్రశ్నించడమే. మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకత. దాన్నిబట్టి అందులో కరిగిన లవణాలు మొత్తం ఎంత ఉండవచ్చో అంచనా కట్టి చూపుతుంది. ఆ లవణాల్లో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు, నీటిలో సూక్ష్మజీవులున్నాయో లేవో అసలే తెలియదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీటి ఆధారం లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ అయితే 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5. వందలూ వేలూ చూపే మీటరు మీద ఒక మిల్లీగ్రాము ఎక్కడ ఆనుతుంది? ఈ రెండు అంకెలను బోర్డు మీద పక్కపక్కన రాసి పిల్లలనే అడగండి. ఫ్లోరైడుకు రుచి, వాసన ఉండవనీ, నీళ్లు మరిగిస్తే అది పోదనీ ఆ సందర్భంలోనే చెప్పవచ్చు.

ఫ్లోరైడ్ కోసం నీటి పరీక్ష కిట్టు కావాలి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు చొప్పున, వీలైనంతవరకు మహిళలకే, వాటి వాడకంలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ పంచాయతీలో శిక్షణ పొందినవారు ఎవరో కనుక్కుని ఒకరోజు తరగతికి పిలవండి. నమూనాలో చుక్కలు వేసి, మారిన రంగును అట్టమీది రంగులతో పోల్చి చూసే పద్ధతి అది. రసాయనాలు ఆమె చేతిలోనో మీ చేతిలోనో ఉండాలి, పిల్లలు రంగు చదవాలి. పిల్లల వీధిలో ఉండే ఒకావిడ వచ్చి తరగతికి రసాయనశాస్త్రం చూపించడం ఏ వీడియో పాఠం కంటే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. రంగును బట్టి అనుమానం వచ్చిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపించమని హెడ్మాస్టరు గారి చేత ఒక ఉత్తరం రాయించండి.

రెండో పరికరం కంప్యూటరులో నింపే పట్టిక (స్ప్రెడ్‌షీట్). గూగుల్ షీట్స్ అయినా సరే, ఇంటర్నెట్ అక్కర్లేని లిబ్రే ఆఫీస్ కాల్క్ అయినా సరే. నా ఓటు రెండోదానికే, ఎందుకంటే నెట్ లేని రోజున పీరియడ్ వృథా కాదు. నోటుపుస్తకాల్లోని అంకెలను బడి కంప్యూటరులో పిల్లలే ఎక్కించాలి, మీరు ఎక్కించి పెట్టకూడదు. ఎక్కించాక ఊళ్లో బోర్లు ఎన్ని అని పట్టికను అడిగితే అది తప్పు లెక్క చెబుతుంది. ఎందుకని చూస్తే ఒక జట్టు 'బోరు' అని, ఇంకో జట్టు 'బోర్' అని, మరో జట్టు 'బోరుబావి' అని రాసి ఉంటుంది. మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి మూడూ వేరు. లోతు గడిలో బోరు వేయించినవారు అడుగుల్లో చెప్పింది కొన్నిచోట్ల, ముసలివాళ్లు పాత బావి గురించి 'మూడు నిలువులు' అని చెప్పింది కొన్నిచోట్ల ఉంటుంది. నిలువు అంటే ఎవరి నిలువు అన్న చర్చ మొదలవుతుంది. ఆ చర్చను ఆపకండి. ఒకే పేరు, ఒకే ప్రమాణం, ఒక గడిలో ఒకే సమాచారం అన్న నియమాలు అక్కడే పుడతాయి. కంప్యూటర్ క్లాసులో వాటిని ఎన్నిసార్లు చెప్పినా ఇంతగా ఎక్కవు. పాత లెక్కను సరిదిద్దేటప్పుడు మొదట చెప్పిన మాటను కొట్టివేయకుండా పక్క వరుసలో అడుగుల్లోకి మార్చి రాయించండి, ఎందుకంటే తాత చెప్పింది కూడా సమాచారమే.

మీకు ఓపిక ఉంటే సర్వే ప్రశ్నలకు జవాబులు ఫోనులోనే నింపుకునే ఓడీకే కలెక్ట్ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్ ఉంది. ప్రశ్నలను తెలుగులోనే పెట్టుకోవచ్చు, నెట్ లేకుండా వీధిలో నింపి, తరువాత బడికి వచ్చాక పంపవచ్చు. మొదటి ఏడాదికి అది అవసరం లేదు. తెలుగు టైపింగు రాని పిల్లలకు ఫోన్లోని జీబోర్డు అనే గూగుల్ కీబోర్డులో మాట్లాడితే తెలుగులో అచ్చయ్యే సౌకర్యం ఉంది. మీ ప్రాంతపు యాసను అది కొన్నిచోట్ల తప్పుగా వింటుంది, ఆ తప్పులు దిద్దడం కూడా మంచి అభ్యాసమే. పెద్దవాళ్లను అడిగేటప్పుడు ఫోనులో వాయిస్ రికార్డరు పెట్టుకోవచ్చు, అయితే ముందు వాళ్ల అనుమతి అడగడం నేర్పండి.

పటం దగ్గర మాత్రం తొందరపడవద్దని మనవి. అట్ట మీద పిల్లలు చేత్తో గీసిన ఊరిపటం మీద బోర్లను, కుళాయిలను రంగు చుక్కలతో గుర్తించడం ముందు జరగాలి. దాన్ని గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కించడం పది నిమిషాల పని, అందుకే ప్రమాదకరం కూడా. ఏ వాడకు కుళాయి రోజూ వస్తుంది, ఏ వాడకు రెండు రోజులకోసారి వస్తుంది, ఎవరు క్యాన్లు కొనుక్కుంటున్నారు, ఎవరు ఇంకా చేతిపంపు నీళ్లే తాగుతున్నారు అన్నది పటం మీద పెట్టగానే అది ఊరి కులపటం అవుతుంది. మన ఊళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? ఆ నిజాన్ని పిల్లలు చూడకూడదని నేను అనడం లేదు, వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. కాని ఫలానా ఇంటివాళ్లకు కుళాయి లేదని ఇంటిపేరుతో సహా తెర మీద కనిపిస్తే ఆ ఇంటి పిల్లవాడు తరగతిలోనే కూర్చుని ఉంటాడు. కాబట్టి నీటి ఆధారాలనే గుర్తించండి, ఇళ్లను గుర్తించకండి. పట్టికలో ఇంటి యజమాని పేరు, కులం, ఆదాయం అన్న గడులే ఉండకూడదు. పటాన్ని ఆన్‌లైనులో పెట్టినా అందరికీ కనిపించేలా పెట్టవద్దు.

ఐఎఫ్‌పీ ప్యానెల్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఎనిమిది జట్ల పట్టిక నలభై మందికీ ఒకేసారి కనిపించే చోటు అది. వీడియో పాఠాల కంటే ఆ పనికే ఎక్కువగా వాడండి. ద్రావణాల గాఢత చెప్పేటప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే, తెర మీద చేసి చూసే ప్రయోగాలు బాగుంటాయి. వాటిని నెట్ ఉన్నరోజు పెన్‌డ్రైవులోకి దించుకుంటే నెట్ లేనిరోజు కూడా ప్యానెల్ మీద నడుస్తాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్నచోట దీక్షా యాప్ ద్వారా దొరికే పాఠాలను కూడా ముందే దించి ఉంచుకోవచ్చు.

చాట్‌జీపీటీని నిషేధించకండి, నిషేధించినా ఆగదు, ఆగిందో లేదో తెలుసుకునే దారీ మీకు లేదు. దాన్ని ప్యానెల్ మీదకే తీసుకురండి. పట్టిక పూర్తయిన తరువాత, అంతకుముందు మాత్రం వద్దు, మీ ఖాతాలోంచి మీరే 'మా ఊళ్లో తాగునీటి పరిస్థితి ఏమిటి?' అని ఊరి పేరుతో అడిగి, వచ్చిన జవాబును పిల్లల ముందు ఉంచండి. ఒక్కో వాక్యాన్నీ తమ పట్టికతో పోల్చి 'ఇది మా లెక్కతో సరిపోయింది, ఇది ఏ ఊరికైనా సరిపోయే మాట, ఇది తప్పు' అని మూడు రకాలుగా గుర్తు పెట్టమనండి. రెండో రకం వాక్యాలే ఎక్కువగా ఉంటాయి, నిరుడు అట్టల మీద అంటించినవి కూడా అవేనని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ కంపెనీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్లలోపు వారు దాన్ని వాడకూడదు, 18 లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మీ తరగతి పిల్లల చేత సొంత ఖాతాలు తెరిపించకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

మార్కుల విషయం. ఎఫ్‌ఏలో (ఏడాది నడుమ జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో) ప్రాజెక్టు పనికి వచ్చే మార్కులను చివర తెచ్చిన అట్టకు వేస్తే అట్ట మీదే శ్రద్ధ పెడతారు. జట్టు నోటుపుస్తకంలో వారం వారం మీరు పెట్టే పొడి సంతకాలకు సగం, చివర ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడి సగం వేయండి. 'ఈ కొలత ఎక్కడ నిలబడి తీశావు? మూడుసార్లు ఒకే అంకె వచ్చిందా? మీ జట్టు లెక్కలో నీకు నమ్మకం లేనిది ఏది?' అన్న మూడు ప్రశ్నలు చాలు. నెట్ సెంటరు ప్రింటు ఈ ప్రశ్నల ముందు నిలవదు. నలభై మందికి రెండేసి నిమిషాలంటే రెండు పీరియడ్లు పోతాయి. స్లిప్ టెస్టు పేపర్లు దిద్దే సమయం కంటే అది ఎక్కువేమీ కాదు.

హెడ్మాస్టరు గారి ఫొటోల అవసరం కూడా న్యాయమైనదే, ఆయనను పైనుంచి అడుగుతున్నారు. చార్టు పట్టుకుని వరుసగా నిలబడ్డ పిల్లల ఫొటోకు బదులు నోటుపుస్తకం పేజీ, బోర్డు మీద ఎనిమిది అంకెలు, మీటరు పట్టుకున్న చేతులు తీసి ఇవ్వండి. పని జరిగిందనడానికి అవే గట్టి రుజువులు, ముఖాలు కనిపించవు కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని ముఖ్యంగా భావిస్తుందని ఆయనకు మెల్లగా గుర్తుచేయవచ్చు.

కాలం విషయంలో ఒక సూచన. భూగర్భజలం రుతువును బట్టి మారుతుంది; కేంద్ర భూగర్భజల మండలి కూడా బావులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. మీ ప్రాంతంలో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి దసరా సెలవులకు ముందు ఒకసారి, సంక్రాంతి తరువాత మరోసారి అవే బోర్లను కొలిపించండి. నడుమ మూడు నెలలు ప్రాజెక్టు పడుకుని ఉన్నా ఫరవాలేదు, ఆ కాలంలో సిలబస్ నడిపించుకోండి. రెండు కొలతల తరువాత తెలుగు టీచరు సాయంతో సర్పంచికి ఒక ఉత్తరం రాయించండి. అందులో ఫిర్యాదు కంటే పట్టికే ముందు ఉండాలి, ఏ బోరులో ఏ తేదీన ఏ కొలత వచ్చిందో, దేన్ని ప్రయోగశాలలో సరిచూడాలని కోరుతున్నారో స్పష్టంగా ఉండాలి.

ఆ పట్టికను మీ సొంత జీమెయిల్ ఖాతాలో మాత్రమే ఉంచకండి. రేపు మీకు బదిలీ అయితే అది కూడా మీతో వెళ్లిపోతుంది. బడి పేరుతో ఒక ఖాతా తెరిచి అందులో ఒక ప్రతి, ల్యాబులోని పెన్‌డ్రైవులో ఒకటి, ప్రింటు తీసి సైన్సు స్టాకు రిజిస్టరు పక్కన ఒకటి పెట్టండి. వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వచ్చే పిల్లలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆ పట్టికకు మూడో కొలత చేరుస్తారు.